అ తీసేసిన పేరు

ముప్పై రెండేళ్లు హాజరు పిలిచాను. 1976 నుంచి 2008 వరకు, పాతపట్నం చుట్టుపక్కల బళ్లలో, పొద్దున ఒకసారి, మధ్యాహ్నం ఒకసారి. కన్నవాళ్లు పిల్లల్ని పిలిచేది సగం సార్లు ముద్దుపేర్లతోనే. పెట్టిన పేరును పూర్తిగా, అందరికీ వినబడేలా పలకాల్సింది పంతులమ్మే. అందుకని పేర్ల విషయంలో మాట్లాడే హక్కు నాకు కొంచెం ఎక్కువే ఉందని అనుకుంటాను.

నేను ఉద్యోగంలో చేరిన రోజుల్లో మా పట్టీలో తవిటయ్యలు, నూకమ్మలు, పెంటయ్యలు ఉండేవారు. నేను దిగిపోయే నాటికి గొంతులో చేపముల్లు గుచ్చుకున్నప్పుడు వచ్చే చప్పుళ్లన్నీ పేర్లయ్యాయి. ఆ తరవాత ఈ పదేళ్లలో బంధువుల ఇళ్లనుంచి వచ్చిన శుభలేఖలూ బారసాల కార్డులూ చదివినప్పుడల్లా నాకు నాలుక మీద ఏదో చేదు తగిలినట్టు ఉంటుంది. అర్థం అడిగితే చెప్పలేరు. "వెరైటీగా ఉందని" అంటారు. తినే కూరకి ఉప్పు సరిపోయిందా అని చూసేవాళ్లు, నూరేళ్లు మోయాల్సిన పేరుకి అర్థం ఉందా అని చూడరు.

తవిటయ్య మాత్రం మంచి పేరా అని నన్ను నిలదీసినవాళ్లు ఉన్నారు. మంచి పేరే. మా వైపు వరసగా బిడ్డలు దక్కకపోతే, తరవాత పుట్టిన బిడ్డని చేటలో పడుకోబెట్టి పెంటకుప్ప మీద ఉంచుతారు. పిల్లలు చల్లగా ఉన్న ఇంటి ఆడమనిషి వచ్చి, తవుడో నూకలో ఇచ్చి ఆ బిడ్డని కొనుక్కుంటుంది. కొన్నాక, పెంచిపెట్టమని ఆ తల్లికే ఇస్తుంది. బిడ్డ ఇక ఆ ఇంటిది కాదు, వెతుక్కుంటూ వచ్చిన చావుకి అక్కడ పని లేదు. ఏమిచ్చి కొన్నారో ఆ పేరే పెడతారు. ఆ పేరు వినడానికి ఎలా ఉన్నా, దాని వెనక ఒక తల్లి భయం ఉంది. ఇప్పటి పేర్ల వెనక ఏముంది?

1984 భాద్రపదంలో అలా ఒక బిడ్డని నేను కొన్నాను. మా పక్కింటామె రెండు కాన్పులు పోగొట్టుకుని మూడోసారి మగబిడ్డని కన్నది. నా పిల్లలు ముగ్గురూ బతికి బట్టకట్టారు కనక నన్ను పిలిచారు. నమ్మి వెళ్లావా అంటే, సైన్సు చెప్పినదాన్ని, నమ్మలేదు. కానీ వెళ్లాను. అడ్డెడు తవుడు, అంటే అర కుంచం, తలకొట్టి కొలిచి పట్టుకెళ్లాను. వాడు పెద్దయ్యాక "నన్ను గుప్పెడు తవుడికి కొన్నార్రా" అని స్నేహితుల దగ్గర నవ్వుతూ చెప్పేవాడు. గుప్పెడు కాదు, అడ్డెడు. వాడికి తవుడు పేరే పెట్టారు. నన్ను కొన్నమ్మా అని పిలుస్తాడు.

ఆ ఇంటి గురించి ఇంకొక్కటి చెప్పాలి. వాడి తాత, అంటే మా పక్కింటామె మావగారు, వెనక గదిలో మూడేళ్లు దగ్గి దగ్గి పోయాడు. క్షయ. బూడిద పోసిన కొబ్బరి చిప్పలో ఆయన ఉమ్మితే, దాన్ని తీసి పాతిపెట్టింది కొత్త కోడలిగా వచ్చిన ఆమే. ఆమె మొదటి బిడ్డ ఆ ఏడే పోయాడు. బిడ్డని తీసుకుపోయింది ఆ జబ్బేనని ఆమె లెక్క. డాక్టరు అలా చెప్పలేదని నాకు తెలుసు, కానీ ఆమె లెక్క మార్చడానికి నేనెవర్ని? అప్పటినుంచి ఆ గుమ్మంలో క్షయ అన్న మాట ఎవరూ పలకలేదు. అనాల్సి వస్తే "పెద్ద దగ్గు" అనేవారు. పక్కింట్లో ఉన్న మేమూ అలాగే అనేవాళ్లం.

తవుడికి కొన్న పిల్లవాడు బీకాం చదివి, విజయనగరంలో ఒక కంపెనీలో లెక్కలు రాసే ఉద్యోగంలో చేరాడు. అక్కడి పిల్లనే చేసుకున్నాడు. ఇంజనీరింగు చదివిన పిల్ల. 2015లో వాళ్లకి కొడుకు పుట్టాడు. పురుడు పుట్టింట్లో పోసినా, బారసాల మాత్రం తన ఇంట్లోనే జరగాలని మా పక్కింటామె పట్టుబట్టింది. ఎన్నో ఏళ్లకి ఆ ఇంట్లో ఉయ్యాల కడుతున్నారు, ఆమె మాట ఎవరూ కాదనలేదు. పేరేమిటో మాత్రం ఆ రోజుదాకా ఎవరికీ చెప్పలేదు. సస్పెన్సట.

డిసెంబరు, ఆదివారం. తలంటుకుని పెందలాడే వెళ్లాను. గుమ్మానికీ కరెంటు స్తంభానికీ మధ్య ఒక ఫ్లెక్సీ కట్టి ఉంది. తామరపువ్వులో పిల్లవాడు, వెనకాల ఆకాశం, పక్కన తల్లీ తండ్రీ నల్లకళ్లద్దాలతో. పైన బంగారు రంగులో పేరు. కింద తండ్రి పేరు. ఆ పేరులో తవుడు లేదు. మొదటి అక్షరం మాత్రం ఉంచి తక్కినదంతా ఏదో మెరిసే మాటగా మార్చుకున్నాడు. ఎప్పుడు మార్చుకున్నాడో నాకు చెప్పలేదు. దాని సంగతి తరవాత చూద్దామనుకుని పై పేరు చదివాను.

పేరంతా ఇక్కడ రాయను. పిల్లవాడి తప్పేమీ లేదు. మొదటి రెండక్షరాలు చాలు. క్ష, య. తరవాత ఒక తోక ఉంది. కానీ వీధిలో చోటు చాలక ఫ్లెక్సీ కుడికొసని స్తంభానికి చుట్టేశారు, తోక స్తంభం వెనక్కి పోయింది. వీధిలోంచి చూస్తే ఆ ఇంటి గుమ్మానికి, జానెడేసి అక్షరాలతో, క్షయ అని రాసి ఉంది.

స్తంభం వెనక్కి వెళ్లి తోక కూడా చదివాను.

కోడలి తండ్రి ఎదురొచ్చారు. విజయనగరంలో బట్టల వ్యాపారం ఆయనది, ఫ్లెక్సీ, కేకు అన్నీ ఆయనే చేయించారు. నేను ఫ్లెక్సీ వంక చూస్తున్నానని గమనించి చాలా సంతోషపడ్డారు.

"ఎలాగుందండి టీచరుగారూ? ఇలాటి పేరు జిల్లాలో ఇంకోటి లేదండి. నెట్‌లో కొట్టి మరీ సూసాం."

"ఎందుకు లేదో ఆలోచించారా?"

ఆయన నవ్వారు. మెచ్చుకున్నాననుకున్నారు.

"అర్థమేటండి?" అన్నాను.

"నాశనం లేనిదని అండి."

"అది ముందు అ ఉంటే కదా. అ ఏదీ?"

"అదాండీ. న్యూమరాలజీ ఆయన తీయించేసాడండి. ఇంగ్లీషులో ముందు ఏ ఉంటే సంఖ్య కుదర్లేదంట. అందుకని అది తీసేసి, తోకలో ఒక ఏ పెంచాడండి. ఇప్పుడు బ్రహ్మాండంగా కుదిరింది."

కేకు పెట్టె మీద ఇంగ్లీషులో రాసిన పేరు చూశాను. నిజమే. ముందు ఉండాల్సిన ఏ లేదు, చివర్లో రెండు ఏలు పక్కపక్కన ఉన్నాయి.

"ఆయన లెక్కలో ఏకి ఎంతండీ?"

"ఒకటండి."

"తీసింది ఒకటి, కలిపింది ఒకటి. మొత్తం ఎలా మారింది?"

"సోటు మారింది కదండి" అన్నారు.

"చోటు మారిస్తే మొత్తం మారే కూడిక నేను ఏ క్లాసులోనూ చెప్పలేదు."

పక్కనే ఉన్న తండ్రి, నేను కొన్న పిల్లవాడు, ఫోను తీసి వేలితో ఏవో నొక్కి చూసుకున్నాడు. మళ్లీ జేబులో పెట్టేసుకున్నాడు. లెక్కలు రాసే ఉద్యోగం చేస్తున్నవాడు ఇంతవరకూ ఆ కూడిక వేసి చూడలేదన్నమాట.

చెప్పాల్సిన అసలు మాట నేను ఇంకా చెప్పలేదు. చెప్పలేను. ఆ గుమ్మంలో ఆ మాట అనకూడదు, అనకుండా దాని అర్థం చెప్పడం ఎలా? లోపల మా పక్కింటామె ఉయ్యాలకి పూలు కడుతూ, నన్ను చూసి పిలిచింది. నన్ను అప్పా అంటుంది, మా వైపు అప్ప అంటే అక్క.

"అప్పా, రాయే. పేరు ఇన్నావా? సయ్యాసంట. నా నోరు తిరగట్లేదు గాని బాగుంది కదే?"

ఆమెకి చదువు రాదు. క్ష ఆమె నోట్లో స అయిపోతుంది, మధ్యలో ఒక అక్షరం మాయమైపోతుంది. ఆ పేరులో ఏముందో ఆమెకి వినబడలేదు. పూలు కడుతూ సయ్యాసు, సయ్యాసు అని అభ్యాసం చేసుకుంటోంది. ఆ మొహంలో సంతోషం చూశాను. ఈ మాట ఆమె చెవిన పడేలోపు ఈ పేరు మారిపోవాలి, అంతే.

వాణ్ణి పెరటి వైపు తీసుకెళ్లాను.

"ఒరే, ఆ బయట కట్టిన దాంట్లో మొదటి రెండక్షరాలు ఇడిగా సదువు."

వాడు తల దించుకున్నాడు. ఫ్లెక్సీ వైపు కూడా చూడలేదు. చదవాల్సిన అవసరం లేకపోయింది.

"నాకూ అనిపించింది కొన్నమ్మా. మొన్న ఫ్లెక్సీ డిజైను పంపినప్పుడే అనిపించింది. మావగారు అప్పటికే అన్నీ ఆర్డరిచ్చేసారు. వచ్చినోళ్లకి పంచే ఏభై స్టీలు డబ్బాల మీద స్టిక్కర్లు కూడా ఏయించేసారు. ఇప్పుడేటి సేస్తాం? ఈ రోజుల్లో టీబీ అంటారు గాని, ఆ మాట ఎవులంటన్నారు?"

"మీ అమ్మ?"

"అమ్మకి సదువు రాదు కదా."

ఇప్పటికీ ఆ రోజు తలుచుకుంటే నాకు ముందు గుర్తొచ్చేది ఈ మాటే. పేరు రోత, ఫ్లెక్సీ రోత, ఆ నల్లకళ్లద్దాలు రోత. అవన్నీ తెలియనితనం. తెలిసి, అమ్మకి చదువు రాదు కదా అనుకోవడం వేరు. ఎవరికోసం ఆమె చేటని పెంటకుప్ప మీద పెట్టిందో వాడు ఆ మాటన్నాడు. వాడిని చెంప మీద కొట్టే వయసు నాది, కొట్టించుకునే వయసు వాడిది కాదు. లోపలికి వచ్చేశాను.

కోడల్ని కదిపి చూశాను. పిల్లవాడికి పాలిచ్చి పడుకోబెడుతోంది. అ కలిపితే బాగుంటుందమ్మా అన్నాను.

"అ పెడితే మామూలు పేరైపోతాది టీచరుగారూ. మా కాలనీలోనే ముగ్గురున్నారు ఆ పేరుతో. ఇంట్లో క్షయ్ అని సార్టుగా పిలుద్దామనుకున్నాం."

ఆ పిల్లకి నిజంగానే తెలియదు. ఎల్‌కేజీ నుంచీ ఇంగ్లీషు మీడియం. జబ్బుని టీబీ అంటే ఎరుగును, క్షయ అంటే ఎరగదు. ఆమె తప్పేమీ లేదు అని రాయాలని ఉంది, రాయలేను. పదహారేళ్లు చదువుకుని, కన్నబిడ్డ పేరులో ఉన్న తెలుగు ముక్క ఏమిటో ఎవరినీ అడగలేదు.

పంతులుగారు వచ్చి కూచున్నారు. ఇత్తడి పళ్లెంలో బియ్యం పోసి సర్దారు. తండ్రి ఉంగరంతో బియ్యంలో పేరు రాయాలి, తరవాత బిడ్డ చెవిలో మూడుసార్లు చెప్పాలి. వాడు రాశాడు. పళ్లెం ఈ అంచునుంచి ఆ అంచుకి రాశాడు, ముందు ఒక్క అక్షరానికి కూడా చోటు మిగలకుండా. నాకు ముందే తెలుసు వాడి రాత, మూడో తరగతిలో కూడా మార్జిను వదిలేవాడు కాదు.

వాడు బిడ్డని ఒళ్లోకి తీసుకుంటూ ఉండగా గుమ్మంలో ఎవరో దగ్గారు.

వెనక వీధిలో ఉండే ముసలాయన. తువ్వాలు నోటికి అడ్డం పెట్టుకుని, చెప్పులు వీధిలోనే వదిలి, గుమ్మం ఇవతల నిలబడ్డాడు. ఇంతమంది పట్టుచీరలతో కూచుని ఉండడం చూసి కొంచెం తికమకపడ్డాడు.

"టీబీ కేంపు ఇక్కడేనేటి బాబూ?"

అడుగుతూనే లోపలికి తొంగి చూశాడు.

"మా కోడలు బోర్డు సదివింది. సయ అని రాసున్నాది మావా, బిడ్డ బొమ్మ కూడా ఉన్నాది, గవర్మెంటోలే అయుంటారు, ఎల్లి సూపించుకో అన్నాది. నాలుగు నెల్ల బట్టి ఇదే దగ్గు. కళ్లె తేవాలేటి, ఇక్కడే పట్టుకుంటారేటి?"

కోడలి తరపు చుట్టాల్లో ఎవరో కిసుక్కుమన్నారు. నవ్వడానికి వాళ్లకి ఏం కనబడిందో నాకు తెలియదు. నేను లేచి, కేంపు ఇక్కడ కాదనీ, సోమవారం పెద్దాసుపత్రికి వెళితే ఉచితంగానే చూస్తారనీ, ఆలస్యం చెయ్యొద్దనీ ఆయనకి చెప్పి పంపాను. వెనక్కి తిరిగేసరికి మా పక్కింటామె ఉయ్యాల తాడు పట్టుకుని నిలబడి ఉంది.

సయ. ముసలాయన నోట్లోనూ, ఆమె నోట్లోనూ అది ఒకే మాట. పొద్దుటినుంచీ ఆమె మనవణ్ణి అదే పెట్టి పిలుస్తోంది.

"ఒరే" అంది కొడుకుని. "ఆ ముసిలోడు సెప్పింది నిజమేనేటి? బయట అదే రాసున్నాదేటి?"

"అది కాదే అమ్మా, దాని తర్వాత ఇంకా ఉన్నాది..."

"సయ ఉన్నాదా లేదా?"

"...ఉన్నాది."

"మీ తాత దేంతో పోనాడో తెల్దేటి నీకు? నీ అన్న దేంతో పోనాడో తెల్దేటి?"

నలభై ఏళ్లలో ఆ గుమ్మంలో ఆ మాట ఆమె నోట రావడం నేను వినడం అదే మొదటిసారి. గొంతు పెద్దది చెయ్యలేదు. వచ్చి పళ్లెం ముందు గొంతుక్కూచుని, అరచేత్తో బియ్యాన్ని ఈ చివరనుంచి ఆ చివరకి ఒక్కసారి తుడిచేసింది.

కోడలి తండ్రి "అయ్యో అయ్యో" అన్నారు. పంతులుగారు, "రాసింది చెరపకూడదమ్మా, దోషం" అన్నారు.

"చెవిలో చెప్పలేదు కదండీ" అన్నాను. "చెప్పేదాకా అది పేరు కాదు, బియ్యమే."

ఆయన పెద్దమనిషి, బియ్యం మళ్లీ సర్దారు.

"ఏటి రాయమంటావే అమ్మా?" అన్నాడు వాడు. చిన్నప్పుడు లెక్క తప్పినప్పుడు నా దగ్గర నిలబడినట్టే ఉన్నాడు.

"పెంటయ్యని రాయి. నూకయ్యని రాయి. నాకేటి? బతికే పేరు రాయి."

వాడు నా వైపు చూశాడు. ఎడమ అంచు చూపించాను. ఈసారి అ రాశాడు, పెద్దది, గుండ్రంగా. తక్కినదానికి చోటు చాలక తోక వదిలేశాడు. మూడక్షరాలే మిగిలాయి. నాశనం లేనిది. మంచి మాట, పలకడానికి ముల్లు లేని మాట. కోడలు ఒకటే ఏడుపు, కాలనీలో నాలుగోవాడైపోయాడని. టీబీకి తెలుగులో ఏమంటారో అప్పుడు వాడే ఆమెకి మెల్లగా చెప్పాడు. ఏడుపు ఆపి, "మరి నాకు ముందెందుకు సెప్పలేదు?" అని అడిగింది. ఆ పూట ఆ పిల్ల అడిగిన మంచి ప్రశ్న అదొక్కటే. వాడు పళ్లెంలో బియ్యం సర్దుతూ కూచున్నాడు.

చెవిలో పేరు చెప్పారు. ఉయ్యాలలో వేశారు. నేనూ మా పక్కింటామే భోజనాల వేళ దాకా పెరట్లో కూచుని ఏభై స్టీలు డబ్బాల మీద స్టిక్కర్లు గోళ్లతో గీకాం. సగం ఊడేవి, సగం అంటుకుపోయేవి. జిగురు గోళ్లలోకి పోయి, అన్నం తింటుంటే వాసన వేసింది. అంత అసహ్యమైన భోజనం నేను ఏ శుభకార్యంలోనూ చెయ్యలేదు.

అంత గొడవ చేసి పెట్టించిన పేరు ఆమె నోట్లో నిలబడిందా అంటే, అదీ లేదు. అక్షింతలు అచ్చింతలైనట్టే, ఆ పిల్లవాడు మూడో రోజుకే అచ్చియ్య అయ్యాడు. వీధి వీధంతా అచ్చియ్య. కోడలు ఫోనులో అచ్చియ్య అన్న మాట విన్నప్పుడల్లా మొహం ముడుచుకుంటుందట. ముడుచుకోనీ. అచ్చియ్య అంటే ఎవరూ దగ్గుకి మందు అడగడానికి రారు.

ఫ్లెక్సీ సాయంత్రమే విప్పించాం. మా పక్కింటామె దాన్ని పారేస్తుందనుకున్నాను. పల్లెటూరి మనిషి ప్లాస్టిక్కు పారేస్తుందా? సంక్రాంతికి ముందు ఒకరోజు వాళ్ల పశువులశాలలోకి వెళ్లేసరికి, చూరు కారుతున్న మూల మిల్లునుంచి వచ్చిన తవుడు బస్తాల మీద అదే కప్పి ఉంది. అక్షరాల వైపు లోపలికి తిప్పి కప్పించింది. వాడు సెలవు మీద వచ్చి ఉన్నాడు, నా వెనకే వచ్చి ఒక కొస ఎత్తి చూశాడు.

"అమ్మా, దీనిమీద నా పేరు కూడా ఉన్నాదే. నా బొమ్మ కూడా ఉన్నాది. తీసికెళ్లి తవుడు మీద పడీసినావేటి?"

ఆమె గేదెకి కుడితి కలుపుతోంది. తల తిప్పలేదు.

"నీకు తవుడు కొత్తేటిరా?"